మినామి సెంజులో మూడు చాపల గది తీసుకున్నాను, ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఏం తెలుసుకోవాలి?

గోరింట_పొద · నవంబర్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే తప్ప ఎప్పుడూ రాయలేదు. మాది విజయవాడ, వయసు 36. ఈ నెల 20 మధ్యాహ్నం నరితా విమానాశ్రయంలో దిగుతాను. పది రాత్రులు: టోక్యోలో ఆరు, ఒసాకాలో నాలుగు. క్యోటోలో ఉందామనుకున్నాను గానీ ఆకులు ఎర్రబడే రోజులు కదా, రేట్లు చూసి దూరం నుంచే దండం పెట్టాను.

టోక్యోలో మినామి సెంజు స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో సింగిల్ గది దొరికింది. రాత్రికి 3,900 యెన్లు. "మూడు తాతామి" అని రాశారు, అంటే మూడు చాపలు పట్టేంత గది. ఫోటోలో ఒక పరుపు, చిన్న టీవీ, కిటికీ. అంతే. స్నానం, టాయిలెట్ బయట, అందరికీ కలిపి. అమ్మకి "హోటల్" అని మాత్రమే చెప్పాను, మిగతాది చెప్పే ధైర్యం లేదు.

ఏరియా ఎలా ఉంటుంది? ఆ గదిలో పెట్టె తెరవడానికైనా చోటుంటుందా? నేను గుడ్డు తింటాను, చేపా మాంసం తినను. బుల్లి రైస్ కుక్కర్, కెటిల్, బియ్యం పట్టుకెళ్దామని ప్లాన్. ఒక సీసా ఆవకాయ కూడా.

చార్మినార్_చాయ్ · నవంబర్ 4, రాత్రి 10:05

మేడమ్, క్యాన్సిల్ చేయండి. ఆ ఏరియాని సాన్యా అంటారు, రోజు కూలీల అడ్డా. టోక్యోలో చూడకూడని చోటు అని వీడియోలు కూడా ఉన్నాయి. షింజుకులో ఏదైనా చూసుకోండి, ఇంకో రెండు వేల యెన్లు పోతే పోయాయి.

బడ్జెట్_బావ · నవంబర్ 4, రాత్రి 10:31

భాయ్, షింజుకులో నవంబర్ శనివారం రాత్రికి రెండు వేలు ఎక్కువిస్తే గది రాదు, గది ఫోటో వస్తుంది.

గోరింట గారూ, క్యాప్సూల్ హోటల్ ఆలోచించారా, మనిషి పడుకునేంత అర ఒక్కటే ఇస్తారే, అది? ఆడవాళ్ళకి వేరే అంతస్తు ఉన్నవి చాలా ఉన్నాయి. నేను మొత్తం ట్రిప్ అలాగే తిరిగాను.

నిషికసాయి_అత్త · నవంబర్ 5, ఉదయం 6:15

చార్మినార్ తమ్ముడూ, ఆ వీడియోలు తీసినవాళ్ళు అక్కడ ఒక్క రాత్రయినా పడుకున్నారో లేదో నాకు అనుమానమే. నేను పద్నాలుగేళ్ళుగా టోక్యోలో ఉంటున్నాను. చుట్టాలొస్తే ఇంట్లో చోటు చాలక అటు పంపించిన సందర్భాలున్నాయి.

సాన్యా అన్న పేరు ఇప్పుడు మ్యాపులో ఉండదు. 1966లోనే చిరునామాల్లోంచి తీసేశారు. కియోకవా, నిహోన్‌జుత్సుమి అని కనపడుతుంది. యుద్ధం తర్వాత కూలి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి అక్కడ చవక సత్రాలు వెలిశాయి. వాటిని "దోయా" అంటారు. సత్రానికి జపనీస్ మాట "యాదో". దాన్ని తిరగేస్తే దోయా. మనుషులు ఉండదగ్గ యాదో కాదు అని వాళ్ళ మీద వాళ్ళే వేసుకున్న జోకు అంటారు. 1964 ఒలింపిక్స్ కోసం టోక్యోలో కట్టిన రోడ్లూ కట్టడాల వెనక ఈ సత్రాల్లో పడుకుని పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ముసలివాళ్ళయ్యారు, పనులు తగ్గాయి, గదులు ఖాళీ అయ్యాయి. యజమానులు వాటిని పర్యాటకులకి ఇస్తున్నారు. గది మూడు చాపలే ఎందుకంటే, కూలి నుంచి వచ్చిన మనిషి అక్కడ చేసేది నిద్ర ఒక్కటే.

పగలే ఒక ముసలాయన బీరు డబ్బా చేత్తో పట్టుకుని గోడకానుకుని కూర్చుని ఉండొచ్చు. ఆయన నీ వైపు తిరిగి కూడా చూడడు. రాత్రి పదింటికి ఒక్కదానివే నడిచి రావచ్చు.

ఒక చాప సుమారు 90 సెంటీమీటర్లకి 180. మూడు కలిపితే అయిదు చదరపు మీటర్లు. పరుపు వేస్తే పెట్టె తెరవలేవు, పెట్టె తెరిస్తే పరుపు వేయలేవు. కాబట్టి పెద్ద పెట్టె వద్దు తల్లీ.

ఇంకో మాట. ఆ గదిని ఇల్లనుకోకు. ఇల్లంతా వీధిలో పరిచి ఉంటుంది. వంటిల్లు కన్వీనియన్స్ స్టోర్, స్నానాల గది సెంతో (డబ్బిచ్చి అందరూ కలిసి స్నానం చేసే చోటు), పెరడు కాయిన్ లాండ్రీ. గది పడకకి మాత్రమే.

ఫ్యూజు_పోయింది · నవంబర్ 5, ఉదయం 8:50

కుక్కర్, కెటిల్ దగ్గర ఆగండి. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. మన దగ్గర 230. కాయిల్‌తో వేడెక్కే వస్తువుకి వోల్టేజ్ సగం కన్నా తక్కువకి పడితే పవర్ సగం కాదు, అయిదో వంతుకి పడిపోతుంది. మీ 700 వాట్ల కుక్కర్ అక్కడ 130 వాట్ల దగ్గర కునికిపాట్లు పడుతుంది. బియ్యం ఉడకవు, నానతాయి.

ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది, వాటికి ఇబ్బంది లేదు. ప్లగ్ మాత్రం రెండు చదునైన రేకులది కావాలి. మూడు పిన్నుల అడాప్టర్ కొనకండి, పాత గదుల్లో మూడో రంధ్రం ఉండదు.

నిషికసాయి_అత్త · నవంబర్ 5, ఉదయం 9:20

బియ్యం కూడా వద్దు. బియ్యానికీ, పచ్చి కరివేపాకుకీ, పళ్ళకీ మొక్కల తనిఖీ సర్టిఫికెట్ అడుగుతారు. ఆవకాయ తెచ్చుకో. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం ఎవరు బతిమాలినా పెట్టెలో పెట్టుకోకు. మాంసం ఏ రూపంలో ఉన్నా సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు, మాంసం పచ్చడి కూడా మాంసం కిందే లెక్క. ఎయిర్‌పోర్టులో వాసన పట్టే కుక్కలుంటాయి. మా ఆడపడుచు గోంగూర మటన్ డబ్బా నరితాలోనే ఆగిపోయింది. ఆవిడ ఇప్పటికీ దాని గురించి మాట్లాడుతుంది.

అన్నానికి బెంగ వద్దు. వండిన తెల్లన్నం సీలు చేసిన గిన్నెల్లో అన్ని సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. పెరుగు కొనేటప్పుడు చూసుకో, చాలావాటిలో పంచదార ఉంటుంది. "ముతో" అంటే చక్కెర లేనిది. ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూస్తే తెలుస్తుంది. పెరుగన్నం, ఆవకాయ: ఆరు రాత్రులు గట్టెక్కుతాయి.

శాకాహారం అని చూసి సూప్ తాగకు. మిసో సూపులోనూ ఉదోన్ పులుసులోనూ దాదాపు ఎప్పుడూ ఎండు చేప రసం ఉంటుంది. దాన్ని "దాషి" అంటారు, పైకి కనపడదు.

బడ్జెట్_బావ · నవంబర్ 5, ఉదయం 11:02

రైల్ పాస్ తీసుకోండి, టోక్యో-ఒసాకా రానూపోనూ డబ్బు వచ్చేస్తుంది.

ఫ్యూజు_పోయింది · నవంబర్ 5, ఉదయం 11:10

బావా, నువ్వు వెళ్ళింది ఎప్పుడు? 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్లకి పెంచారు. ఆవిడ ఒకసారి ఒసాకా వెళ్ళడానికి అది దండగ.

బడ్జెట్_బావ · నవంబర్ 5, ఉదయం 11:14

నేను 2019. సరే, నా మాట తీసేయండి. క్యాప్సూల్ మాట మాత్రం ఉంచండి.

రాధామాధవం · నవంబర్ 5, మధ్యాహ్నం 1:30

క్యాప్సూల్ గురించి నా అనుభవం. మొట్టమొదటి క్యాప్సూల్ హోటల్ 1979లో ఒసాకాలోని ఉమెదాలో తెరిచారు. కిషో కురొకావా అనే ఆర్కిటెక్టు రూపకల్పన. చివరి రైలు తప్పిపోయిన ఆఫీసు మనిషి తెల్లారేదాకా పడుకోవడానికి కట్టింది అది. ఆ బుద్ధి ఇప్పటికీ పోలేదు. తాళం ఉండదు, తెర మాత్రమే. మూడు రాత్రులు బుక్ చేసినా చాలా చోట్ల రోజూ పొద్దున పదింటికి బయటికి వెళ్ళాలి, శుభ్రం చేయాలంటారు. లాకర్‌లో పెద్ద పెట్టె పట్టదు. ఒక్క రాత్రి సరదాగా బాగుంటుంది. ఆరు రాత్రులకి నాకైతే మూడు చాపలే నయం, తలుపు మూసుకోవచ్చు.

గోరింట_పొద · నవంబర్ 5, రాత్రి 8:55

అందరికీ థ్యాంక్స్. గది ఉంచేస్తున్నాను. కుక్కర్, బియ్యం ఔట్. ఆవకాయ మూడు పొరల ప్లాస్టిక్‌లో కట్టాను. నరితా నుంచి ఎలా వెళ్ళాలి?

నిషికసాయి_అత్త · నవంబర్ 6, ఉదయం 6:02

కెయిసెయ్ రైలెక్కి నిప్పోరిలో దిగు. వాళ్ళదే స్కైలైనర్ అనే రైలు వేగంగా తీసుకెళ్తుంది కానీ టికెట్ రెట్టింపు కన్నా ఎక్కువ. తొందరేం లేదు కాబట్టి మామూలు కెయిసెయ్ మెయిన్ లైన్ లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, గంటంబావు పడుతుంది. నిప్పోరిలో జేఆర్ (జపాన్ రైల్వేస్) జొబాన్ లైన్ మారితే రెండో స్టేషనే మినామి సెంజు. అక్కణ్ణుంచి పట్టాల మీదుగా కాలినడక వంతెన ఉంటుంది, అది దాటి దక్షిణం వైపు నడవాలి.

చెక్-ఇన్ సాధారణంగా మూడింటికో నాలుగింటికో మొదలవుతుంది. ముందే వెళ్తే పెట్టె ఉంచుకుంటారు. చిన్న చోట్ల రిసెప్షన్ రాత్రి మూసేస్తారు, ఎన్నింటికి వస్తావో బుకింగ్‌లో రాయి, ఆలస్యమైతే కబురు చెయ్యి. పాస్‌పోర్ట్ కాపీ తీసుకుంటారు, కంగారుపడకు, విదేశీ పర్యాటకులందరికీ రూలే. ఆ పాస్‌పోర్ట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అదీ రూలే. టోక్యోలో రాత్రికి పదివేల లోపు గదికి వసతి పన్ను లేదు.

గోరింట_పొద · నవంబర్ 20, రాత్రి 11:50 (జపాన్ టైమ్)

వచ్చేశాను. గదిలోంచే రాస్తున్నాను. కాళ్ళు చాపితే ఒక గోడ, చేతులు చాపితే ఇంకో గోడ. మా ఇంట్లో అటక గుర్తొచ్చింది. కానీ శుభ్రంగా ఉంది, ఎండుగడ్డి వాసన వేస్తోంది.

మొదటి పాఠం చిరునామా. ఇక్కడ చాలా వీధులకి పేర్లు లేవు. పేట, పేటలో భాగం, బ్లాకు, బ్లాకులో ఇంటి నంబరు, అంతే. పక్కపక్క ఇళ్ళకి నంబర్లు వరసగా ఉండాలని కూడా లేదు. మ్యాపు నన్ను హోటల్ వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళి "చేరుకున్నారు" అంది. మూలమీద చిన్న పోలీసు బూత్ ఉంటే అడిగాను. ఆయన గోడకున్న పెద్ద మ్యాపులో వేలు పెట్టి చూపించి, నమ్మకం కుదరక సందు చివరిదాకా వచ్చాడు.

రెండోది చెప్పులు. గుమ్మంలో బూట్లు విప్పి లాకర్‌లో పెట్టాలి, వాళ్ళ స్లిప్పర్లు వేసుకోవాలి, చాప మీద అవీ విప్పాలి. టాయిలెట్‌కి ఇంకో జత ఉంది. నేను ఆ జతతోనే నడవా అంతా నడిచి నా గది దాకా వచ్చేశాను. ఎదురొచ్చిన ఆవిడ నా పాదాలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టాయిలెట్‌లో నీళ్ళొస్తాయి, మనవాళ్ళకి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఒక సమస్య. గది వేడెక్కడానికి ఏసీ ఆన్ చేసి గంటయింది, గది ఇంకా చల్లబడుతోంది. రిమోట్ మీద అన్నీ జపనీసే. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఉన్నాను.

నిషికసాయి_అత్త · నవంబర్ 21, ఉదయం 5:50

అయ్యో. నువ్వు కూలింగో, తేమ తీసేదో నొక్కి ఉంటావు. వేడికి "దంబో", చల్లదనానికి "రెయిబో", తేమకి "జోషిత్సు". సాధారణంగా ఎర్రటిదో నారింజదో దంబో. రాత్రంతా వణికావా?

గోరింట_పొద · నవంబర్ 21, ఉదయం 6:10

వణికాను అత్తా. దంబో దొరికింది. ఇప్పుడు స్వర్గం.

గోరింట_పొద · నవంబర్ 22, రాత్రి 9:15

ఈరోజు సిగ్గుపడే విషయం. నిన్న రాత్రి అమ్మతో వీడియో కాల్ మాట్లాడాను. ఇంట్లో ఎనిమిదిన్నర, ఇక్కడ అర్ధరాత్రి. మూడున్నర గంటల తేడా అని తెలుసు, తోచలేదు. అమ్మకి ఫోన్‌లో అరవడం అలవాటు కదా, నేనూ అరిచాను. గది చూపించి "చూడు ఎంత బాగుందో" అని చాలాసేపే సాగింది. పొద్దున తలుపు కింద ఒక కాగితం, చేత్తో ఇంగ్లీషులో రాసింది: రాత్రి పది తర్వాత గదిలో మాట్లాడొద్దు, ముందుగదిలో మాట్లాడుకోవచ్చు, మీ సహకారానికి ధన్యవాదాలు. పక్కగది ఆయన దగ్గు నాకు వినిపిస్తుంటే, మా అమ్మ గొంతు ఆయనకి వినిపించదా? వెళ్ళి తల వంచి సారీ చెప్పాను. కౌంటర్ దగ్గరున్న ఆయన నాకన్నా ఎక్కువ వంగాడు.

ఇప్పుడు అమ్మతో కాయిన్ లాండ్రీలోంచి మాట్లాడుతున్నాను. మెషిన్ల చప్పుడులో ఎంత అరిచినా పర్లేదు. డ్రయర్ పది నిమిషాలకి 100 యెన్లు. బట్టలు ఆరేసరికి మా పిన్ని కూతురి పెళ్ళి సంగతులన్నీ తెలిసిపోయాయి.

చార్మినార్_చాయ్ · నవంబర్ 22, రాత్రి 9:40

మరి ఏరియా?

గోరింట_పొద · నవంబర్ 22, రాత్రి 10:02

నిజం చెప్తున్నా చాయ్ గారూ, మొదటి సాయంత్రం మీ మాట గుర్తొచ్చి బ్యాగు గట్టిగా పట్టుకుని నడిచాను. మూసేసిన షట్టర్లు, గోడ పక్కన ఒకరిద్దరు ముసలివాళ్ళు. దిగులుగా ఉంటుంది, భయంగా ఉండదు. ఆ రెండిటికీ తేడా తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ ముసలాయన్ని చూస్తూ ఫోటో తీస్తున్న విదేశీ కుర్రాణ్ణి చూశాక మాత్రం కోపమొచ్చింది.

నిషికసాయి_అత్త · నవంబర్ 23, ఉదయం 6:30

సెంతోకి వెళ్ళావా లేదా? హోటల్లో ఆ షవర్ పెట్టెలో ఎన్ని రోజులు?

గోరింట_పొద · నవంబర్ 24, రాత్రి 10:20

వెళ్ళాను. టికెట్ 550 యెన్లు. ఆడవాళ్ళ వైపు తెర దాటాక తెలిసింది, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదని నిజంగానే అంటే నిజంగానే అని. వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. డెబ్భై దాటిన ఒకావిడ నా చేతిలో తువ్వాలు తీసి, మడత పెట్టి, నా నెత్తిమీద పెట్టింది. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదట. ముందు చిన్న స్టూలు మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని, నురగ పోయేదాకా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టెలోకి. నీళ్ళు మా నాయనమ్మ కాగులో కాచి పోసే తలంటు నీళ్ళంత వేడి. ఎవరూ ఎవర్నీ చూడరు. పది నిమిషాలకి నేనూ చూడటం మానేశాను.

బయటికొచ్చి చల్లటి పాలసీసా తాగాను. గదికొచ్చి పెరుగన్నం తిన్నాను. మీరన్నట్టు ఇల్లు వీధిలోనే ఉంది అత్తా.

అన్నట్టు తెల్లవారుజామున హ్యాంగర్లు ఊగాయి. నేను లేచి పాస్‌పోర్ట్, బూట్లు పట్టుకుని నడవాలోకి వచ్చాను. ఎవ్వరూ రాలేదు. పక్కగదిలో దగ్గు కూడా ఆగలేదు.

ఫ్యూజు_పోయింది · నవంబర్ 24, రాత్రి 10:41

అది చిన్న భూకంపం, షిందో రెండు ఉండొచ్చు. ఆ చోట ఎంత ఊగిందో చెప్పే కొలత, 0 నుంచి 7 దాకా ఉంటుంది. పెద్దదైతే ఫోన్ ముందే అరుస్తుంది. మంచం పక్కనో గోడకో టార్చి తగిలించి ఉంటుంది, ఎక్కడుందో చూసిపెట్టుకోండి.

గోరింట_పొద · నవంబర్ 27, రాత్రి 8:30

ఒసాకా. షిన్-ఇమామియా స్టేషన్ దగ్గర ఉన్నాను. ఇక్కడా అదే కథ, కూలీల సత్రాలే హోటళ్ళయ్యాయి. ఈసారి భయం లేదు. పెద్ద బ్యాగుని హోటల్ నుంచే కొరియర్‌లో పంపాను, వీపు సంచితో బులెట్ ట్రైన్ ఎక్కాను. మర్నాటికి బ్యాగు నాకన్నా ముందే కౌంటర్ దగ్గర కూర్చుని ఉంది. క్యోటోకి జేఆర్ స్పెషల్ ర్యాపిడ్ రైల్లో ఒసాకా స్టేషన్ నుంచి అరగంట. పొద్దున ఏడింటికి వెళ్ళి, జనం పెరిగేసరికి వెనక్కి వచ్చేస్తున్నాను. రేపొక రాత్రి క్యాప్సూల్, బావ గారి కోసం.

బడ్జెట్_బావ · నవంబర్ 29, ఉదయం 10:00

ఎలా ఉంది?

గోరింట_పొద · నవంబర్ 29, ఉదయం 10:12

నిద్ర బాగానే పట్టింది. పొద్దున నాలుగున్నరకి పై అరలో ఎవరో ప్లాస్టిక్ సంచులు సర్దడం మొదలుపెట్టారు. ఆ కరకర గంటసేపు. రాత్రే సర్దుకోవాలని రూలుండాలి. మూడు చాపలు మిస్సవుతున్నాను.

కొత్త_చెప్పులు · డిసెంబర్ 2, సాయంత్రం 4:18

మంచి థ్రెడ్ అండి. ఫిబ్రవరిలో వెళ్తున్నాను. చిన్న డౌట్, కెటిల్ తీసుకెళ్ళొచ్చా?

ఫ్యూజు_పోయింది · డిసెంబర్ 2, సాయంత్రం 4:20

నా మొదటి పోస్టు చదవండి బాబూ.

గోరింట_పొద · డిసెంబర్ 2, సాయంత్రం 4:45

గదిలో వాళ్ళదే ఒకటి ఉంటుందండి. మరిగేటప్పుడు కొంచెం చప్పుడు చేస్తుంది, పది లోపు పెట్టుకోండి.